రెండు సీట్ల కారు బ్రేకు

సైదయ్య కల్లు తాగి బండి నడిపాడట, చిలుకూరు దగ్గర గడ్డిబండిని గుద్దాడట, చినసేటు బతకడం కష్టమట. పాలు పోసే గోపమ్మ చెప్పిందని మా పక్కింటి నర్సమ్మ మా ఆవిడకు చెప్పింది. నిజానికి చినసేటు విశ్వేశ్వర్‌కు విరిగింది భుజం ఎముక ఒక్కటే. కల్లు సంగతి మాత్రం నేనూ నమ్మాను.

నేను మిర్యాలగూడలో వాళ్ల రైస్ మిల్లు గుమాస్తాను. మరునాడు విశ్వేశ్వర్ తండ్రి, పెదసేటు సీతారామయ్య, డ్రైవర్ సైదయ్యను హమాలీలందరి ముందు నిలబెట్టి, నోరు వాసన చూడమంటే చూసింది నేనే. బీడీ వాసన తప్ప ఏమీ రాలేదు.

"కడుక్కొని వచ్చిండు" అన్నాడు సేటు.

సైదయ్య పని పోయింది. ఊళ్లో ఇంకెవరూ అతని చేతికి స్టీరింగు ఇవ్వలేదు.

ఆ బండి, అరవై ఏడులో దసరాకు ముందే సేటు హైదరాబాదులో కొన్న పాత కారు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. బ్రేకు ఒక్కోసారి పట్టడం లేదని సైదయ్య సేటుకు మూడుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా మిల్లు ముందు తొక్కి చూస్తే గట్టిగా పట్టేది.

కారు అమ్మేముందు చూపిద్దామని సేటు సూర్యాపేట నుంచి బిక్షపతి మేస్త్రీని పిలిపించాడు. అతను తొక్కినా పట్టింది.

"నిలవెట్టి తొక్కితె ఏం తెలుస్తది? కూసోండి సేటూ, పోయొద్దాం."

సేటు పక్కన కూర్చున్నాడు. వెనక సామాను సందులో నేను ముడుచుకున్నాను.

మూడు మైళ్లు బాగానే పోయాం. ఆ తర్వాత, బ్రేకు తొక్కకపోయినా ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బండి బరువెక్కింది. కాలిన వాసన వచ్చింది. మాడుగులపల్లి పొలిమేరలో గొర్రెలమంద అడ్డం వచ్చింది. బిక్షపతి కాలు అడుగుదాకా దిగిపోయింది. బండి ఆగలేదు. సేటు వెనక్కి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకున్నాడు. బిక్షపతి చేతిబ్రేకు లాగి బండిని తుమ్మకంపలోకి తిప్పాడు.

సైదయ్య సంగతి హమాలీలు అతనికీ చెప్పినట్టున్నారు, కంపలో కూర్చునే అడిగాడు: "నా నోరు గూడ వాసన సూస్తరా సేటూ?"

అరగంటలో చక్రాలు చల్లబడ్డాయి. బ్రేకు మళ్లీ పట్టింది, ఏమీ జరగనట్టు.

మిల్లుకొచ్చాక బిక్షపతి బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు. నా ముక్కు దగ్గరా పెట్టాడు. నువ్వుల నూనె. లోపలి రబ్బరు విప్పి చూపించాడు. నానిన శనగగింజలా ఉబ్బింది.

"ఇది ఉబ్బి, ఆయిలు ఎనక్కి పొయ్యే సందు మూసింది. బ్రేకు ఇడువది. చక్రం కాలి లోపల ఆయిలు మరుగుతది, ఇగ కాలు కిందికే. సల్లబడితె మళ్ల మామూలే. ఎప్పటి సంది గిట్ల అయితుంది?"

"దసరా అయినప్పటి సంది" అన్నాను నేను.

"మరి ఇండ్ల నూనె ఎవలు పోసిండ్రు?"

సేటు ముఖం నల్లబడింది. "సైదయ్యే పోసి ఉంటడు. పిలువుండ్రి వాణ్ని, ఠాణాకు తోలుత."

సైదయ్య వచ్చి మిల్లు ఆఫీసు గుమ్మం బయట నిలబడ్డాడు. అరుపులు విని సేటు తల్లి ఆండాళమ్మ ఇంట్లోంచి వచ్చింది. సంగతంతా విని, చాలా మామూలుగా చెప్పింది.

"నేనే పోసిన్రా. దసరా పూజకు మిల్లుల ఒక్కొక్క మిషనుకు నా చేత్తోనే చెంచా నూనె పోస్త గద, మీ నాయిన ఉన్నప్పటి సంది. కొత్తగొచ్చిన బండికి పొయ్యకుంటె ఎట్ల? మూతున్న కాడల్ల పోసిన."

హమాలీలు ఒడ్ల బస్తాల దగ్గరే ఉన్నా ఆమె మాట అక్కడిదాకా పోలేదు. సేటు బల్ల మీద కూలబడ్డాడు. కొడుకు భుజం గుర్తొచ్చిందో, గొర్రెలు గుర్తొచ్చాయో, హమాలీల వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"సైదయ్యా, అమ్మ ముసలిది. ఈ ముచ్చట బయట పెట్టకు. రేపట్నుంచి పనిలకు రా."

సైదయ్య గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"బ్రేకు పడ్తలేదని నేను చెప్తె మీరు ఇనలే. తాగిండని మీరు చెప్తె ఊరంత ఇన్నది. ఇది గూడ మీరే చెప్పుండ్రి సేటూ, గా హమాలీల ముందట."