పొలమారిన టర్బో

ఆ కార్ల షెడ్డులో, ఇంజన్లోకి అదనంగా గాలి తోసే టర్బో ఏ కారుకు ఏది పెట్టాలన్నా చివరి మాట మేస్త్రీ చెవిదే. కంపెనీ వాళ్లు అచ్చేసిన గీతలూ అంకెలూ ఎవరైనా ముందు పెడితే ఆయన కళ్లజోడు కూడా పెట్టుకునేవాడు కాదు. కాగితం మీద ప్రతి టర్బో బంగారమే, బిగించి రోడ్డెక్కించండి, నేను వింటాను అనేవాడు. విని చెప్పింది ఎన్నడూ తప్పు కాలేదు. అందుకే విడిభాగాల కొట్టాయన ఆయనకు మాత్రం రెండు సైజులూ ఇచ్చి పంపేవాడు, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమని. అదే మర్యాద ఇంకెవరైనా అడిగితే ఆ కొట్టాయన ముఖం చిట్లించి లోపలికి వెళ్లిపోయేవాడు.

మేస్త్రీకి ఇంకో అలవాటు ఉంది. పని పూర్తయిన కారు బయల్దేరుతుంటే అందరూ గుమ్మంలో నిలబడి చూస్తారు. ఆయన చూడడు. షెడ్డు చివరకు వెళ్లి, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, చూపుడు వేలు పైకెత్తి నిలబడతాడు. కారు వీధి మలుపు తిరిగి, టర్బో ఊపిరి అందుకున్న క్షణాన ఆ వేలు దించుతాడు. అప్పటికి గానీ ఆ కారు పని అయినట్టు కాదు. ఈ మధ్య ఆ వేలు కాస్త ఆలస్యంగా దిగుతోంది. కూతురు చూసీ చూడనట్టు ఊరుకుంది.

కూతురు ఆ షెడ్డులోనే వెల్డింగు చేస్తుంది. పొగగొట్టాలు వంచడం, అతకడం ఆమె పని. తండ్రికి మనుషుల మాట అందడం లేదన్న సంగతి ఇంట్లో ఆమెకంటే ముందు తల్లి కనిపెట్టింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేవాడు, పక్కకు తిరిగితే గోడకు చెప్పినట్టే. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నావల్ల కాదమ్మా అని తల్లి వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసేది. ఆ చప్పుడూ ఆయనకు వినపడేది కాదు, ఇక కోపం చూపించి ఏం లాభం! చెవి డాక్టరు కూడా దాపరికం లేకుండా చెప్పాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నదీ నిలవదు, చెవిలో మిషను పెట్టినా ఒరిగేదేమీ లేదు.

మేస్త్రీ ఆ మాటను దుమ్ము దులిపినట్టు దులిపేసుకున్నాడు. "మనుషుల మాట వినపడకపోతే వచ్చిన నష్టమేంటమ్మా? సగం అబద్ధాలు, సగం సోది. ఇంజను మాట వినపడుతోంది. నాకది చాలు" అన్నాడు కూతురితో.

ఆ ఒక్క నమ్మకం మీదే ఆయన అన్నం తింటున్నాడనీ, నిద్రపోతున్నాడనీ ఆమెకు తెలుసు. అది కూడా పోతే నాన్న ఏమైపోతాడో ఊహించడానికే ఆమెకు ధైర్యం చాలేది కాదు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు పళ్ల డాక్టరు, తన పసుపు స్పోర్ట్స్ కారేసుకుని. మంచివాడే పాపం, కారంటే పిచ్చి. రోజంతా జనం చేత నోళ్లు తెరిపించేవాడికి సాయంత్రమైనా తను గట్టిగా ఓ కేక పెట్టాలని ఉండదా మరి! ఉన్న టర్బో తీసేసి పెద్దది పెట్టమన్నాడు. కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది. కూతురు వద్దని చెప్పి చూసింది. ఇంజను లోపలి సామాను కంపెనీదే, అంత గాలికి తట్టుకోదు, తిరిగేది ఊళ్లో రోడ్ల మీద, మధ్యరకం సైజు చాలు, యాక్సిలరేటరు మీద కాలు నొక్కగానే అందుకుంటుంది అని చెప్పింది. డాక్టరు ముఖం వాడిపోయింది. మేస్త్రీ ఇద్దరి పెదాలూ చూసి నవ్వి, కొట్టు నుంచి రెండూ తెప్పించాడు. ముందు పెద్దది బిగించమన్నాడు. తన చెవే తేలుస్తుందన్నాడు.

ఊరి చివర ఎత్తురోడ్డు మీదకు వెళ్లారు. డాక్టరు నడిపాడు, మేస్త్రీ పక్కన కూర్చున్నాడు. వెనక సీటు పేరుకే సీటు, అందులో కూతురు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కుంది. ఎత్తెక్కుతూ డాక్టరు కాలు నొక్కాడు. కారు కాసేపు మొండికేసి, తర్వాత కదిలింది. ఆ మొండికేసిన సమయంలోనే వచ్చింది ఆ చప్పుడు. రెక్క విరిగిన పిట్ట అట్టపెట్టెలో కొట్టుకున్నట్టు తుర్రుతుర్రుమని. కూతురు మెడ చాచి తండ్రి ముఖం చూసింది.

నోట్లో ముద్ద మింగకముందే ఇంకో ముద్ద కుక్కితే మనిషికి పొలమారదూ? అదే ఇది. టర్బో తోసిన గాలిని ఇంజను మింగలేక వెనక్కి కక్కుతుంది, ఆ గాలి పోయి తిరిగే రెక్కలను కొడుతుంది. కుర్రకారుకు ఆ చప్పుడంటే ప్రాణం, వీడియోలు తీసుకుంటారు. కాలు తీసినప్పుడు వస్తే వచ్చింది పొమ్మనవచ్చు. కాలు నొక్కి ఎత్తెక్కుతుండగా వస్తే మాత్రం బేరింగులకు ఆయుష్షు మూడినట్టే. ఏదో ఒకరోజు రెక్క ముక్కలై ఇంజన్లోకి పోతుంది. ఈ పాఠం ఆమెకు చెప్పింది ఎవరనుకున్నారు? పక్క వీధిలో వెళ్తున్న కారు పొలమారినా తింటున్న అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తిన మనిషి, ఆ ముందు సీట్లో కూర్చున్న మనిషే.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

ఆమె డాక్టరును మళ్లీ ఎక్కించమంది. చప్పుడు మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. ఆమె తండ్రి ముఖాన్నే చూస్తూ కూర్చుంది. ఒక్క గీతా కదల్లేదు.

"పాలు తాగి పడుకున్న పసిపిల్లలా ఉంది డాక్టరు గారూ. ఒక్కసారీ పొలమారలేదు. ఇదే ఉంచేద్దాం" అన్నాడు మేస్త్రీ, కళ్లు తెరిచి.

డాక్టరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కూతురికి ఇక అనుమానం లేదు. నాన్నకు ఇంజను మాట కూడా వినపడటం లేదు. ఎన్నాళ్లనుంచో! ఎన్ని కార్లు గుడ్డిగా పంపించాడో! నోరు విప్పితే ఆయన బతుకు కూలుతుంది, విప్పకపోతే ఇంకొకరి ఇంజను కూలుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ ఇరుకు సీట్లో తెలిసొచ్చింది.

చివరకు ఆమె రెండు అబద్ధాలు ఆడింది. డాక్టరును పక్కకు పిలిచి, ఆ చప్పుడు రోగమనీ, నాన్న మొదటిసారే పట్టేశాడనీ, మీ సంతోషం చూసి ముఖాన చెప్పలేక నన్ను చెప్పమన్నాడనీ అంది. తండ్రి దగ్గరకు పోయి, ఎదురుగా నిలబడి, డాక్టరుకు ఆ వేగం చూసి భయమేసిందట, మధ్యరకమే పెట్టమంటున్నాడు అని పెదాలు స్పష్టంగా కదిపింది. మేస్త్రీ పకపకా నవ్వాడు. పళ్లు పీకేవాడికి ఆపాటి గుండె లేకపోతే ఎలాగమ్మా అని వేళాకోళమాడి, పెద్దదాన్ని తన చేత్తోనే విప్పి, తుడిచి పెట్టెలో పెట్టాడు. నాన్న నవ్వడం చూసి ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

మధ్యరకం చక్కగా కుదిరింది. కాలు నొక్కితే కారు మాట వింటోంది, ఎత్తులోనూ తుర్రుమన్న చప్పుడు లేదు. డాక్టరు కారు తీసుకోవడానికి వచ్చినప్పుడు కూతురు పొగగొట్టం కింద ఆఖరి బోల్టు బిగిస్తోంది. లేచి అడ్డం పడేలోపే ఆయన మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ చెవికి దండం మేస్త్రీ గారూ. ఆ తుర్రుమనే చప్పుడు ఎంత బాగుందో అని నేను మురిసిపోతున్నాను, మీరేమో వినగానే రోగమని పట్టేశారు. మీరు వద్దనకపోతే నా ఇంజను పోయేది" అన్నాడు. పెద్దాయనకు అర్థం కావాలని ఒక్కో మాటా విడమరిచి, ఎదురుగా నిలబడి మరీ అన్నాడు.

మేస్త్రీ ఆయన పెదాలనే చూశాడు. ఆ తర్వాత కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకుంది, చేతిలో స్పానరు చేతిలోనే ఉంది. మేస్త్రీ కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. డాక్టరు చేతులు మెల్లగా విడిపించుకుని, జాగ్రత్తగా వెళ్లిరండి అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే షెడ్డు చివరకు నడిచి, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని వేలు ఎత్తాడు.

కారు బయల్దేరింది. కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. వీధి మలుపు తిరిగాక టర్బో ఊపిరి అందుకుంది, ఈల వేసినట్టు సన్నగా, ఎక్కడా తడబడకుండా. ఆ ఈల దూరమై ఆగిపోయింది. ఎదురింటి వాళ్లు కిటికీ మూసుకున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే ఆయన వేలు ఇంకా పైకే ఉంది.

"వెళ్లిపోయాడా అమ్మా?" అన్నాడు మేస్త్రీ, గోడవైపు నుంచి తిరగకుండానే. అంతకు ముందెన్నడూ ఆయన ఆ మాట అడిగి ఎరుగడు.

"వెళ్లిపోయాడు నాన్నా" అంది కూతురు, ఆయన వీపు వంక చూస్తూ.

మేస్త్రీ కళ్లు తెరవలేదు, వేలు దించలేదు. ఆమె ఏం చెబుతుందోనని అలాగే ఎదురు చూస్తున్నాడు.