చెయ్యాడితే నడిచే గడియారం

నూకరత్నం రోజూ పొద్దున్నే అంబలి కాచి, అంట్లు తోముతూ, చేతికున్న గడియారం చూసుకునేది. సెకన్ల ముల్లు గబగబా కొట్టుకుంటే పెనిమిటి గవరయ్య శంఖాల కోసం సముద్రంలో మునిగినట్టు. నింపాదిగా తిరిగితే పడవెక్కి ఊపిరి తీసుకుంటున్నట్టు. దీవిలోని వాళ్ల పేట మిన్నీ బేలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఫీనిక్స్ బే జెట్టీకి పనికెళ్లే కూలీలు “దీదీ, భయ్యా పైకొచ్చినాడా?” అని అడిగి పోయేవారు.

నీటి అడుగున వలలో చిక్కుకున్న ఓడ దొరను గవరయ్య బయటికి లాగితే, ఆయన తన మణికట్టు నుంచి విప్పి ఇచ్చాడు దాన్ని. లోతు నీళ్లకు పగలని మందపాటి అద్దం, చీకట్లో పచ్చగా వెలిగే అంకెలు, ఒకవైపే తిరిగే అంచు చక్రం. బ్యాటరీ లేదు. పెట్టుకున్న చెయ్యి ఆడుతుంటే లోపలి బిళ్ల ఊగి స్ప్రింగు చుట్టుకుంటుంది. అంత ఖరీదైనది ఉప్పునీళ్లకు పాడైపోతుందని గవరయ్య పెళ్లాం చేతికి పెట్టి వేటకు పోయేవాడు. ఈతగాళ్ల గడియారాన్ని అంట్లగిన్నెల్లో ముంచారు. వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

ఓరోజు గాలి లేచింది. అందరి పడవలూ తిరిగొచ్చాయి, గవరయ్యది రాలేదు. ముల్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటోంది. నూకరత్నం అంట్ల చేతుల్తోనే దాన్ని పట్టుకుని చూస్తోంది.

“తీసీ, తీసీ! గంగమ్మ కాడ ఎట్టు. ఎంగిలి సేతుల్తో ముట్టకు,” అంది అత్త కామమ్మ. గడియారానికి పసుపు రాసి పటం ముందు పెట్టి, ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

మర్నాటికి ముల్లు నెమ్మదించింది. “పడవెక్కుంటాడు,” అని కామమ్మ దణ్ణం పెట్టింది. సాయంత్రానికి అది ఒక్కో అంకె దగ్గర ఆగి, వణికి, కదులుతోంది. నూకరత్నం గబుక్కున లేచింది.

“అత్తా, సెయ్యాడితేగాని ఇది బతకదు. మనవే సంపేత్తన్నాం!”

లాక్కుని ఎడంచేతికి పెట్టుకుంది. ఖాళీ రోట్లోనే రోకలి ఎత్తి దంచడం మొదలెట్టింది. ఆగబోయిన ముల్లు కదిలింది. ఇక ఆపాలంటే భయం, చెమట తుడుచుకోవాలన్నా భయం. అరచేతులు బొబ్బలెక్కి చితికినా దంచుతూనే ఉంది.

తెల్లారాక పక్కింటి బంగారురాజు గవరయ్యను తన పడవలో తెచ్చాడు. “సెక్క పట్టుకుని తేల్తన్నాడు దీదీ. ఒళ్లంతా కొయ్యబారిపోనాది. ఎడంసెయ్యి మట్టుకు నీళ్లు కొడతానే ఉంది.”

గవరయ్య చాప మీద నిద్రపోయాడు. పక్కనే కూర్చున్న నూకరత్నం చెయ్యి ఊపుతూనే ఉంది.  ఇక ఆపొచ్చని అనే ధైర్యం ఎవరికుంది?

కామమ్మ లేచి దగ్గరకొచ్చింది. కోడలి చేతి నుంచి గడియారం విప్పి, తన బక్కచేతికి తగిలించుకుంది.

“నువ్వు తొంగో అమ్మీ. నానూపుతాను,” అంది.