సమ్మమ్మ గాలి మిషను

కాజీపేటలో రైలు కూతకు లేచేవాళ్ళు ఎవరూ లేరు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడుకు నిద్ర చెడుతుందా ఎవరికైనా? సమ్మమ్మ గురకకు మాత్రం గోడ అవతలి ఇంటివాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఆమె భర్త సారంగపాణి, చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే మనిషి, ఏనాడో చాప చంకన పెట్టుకుని ముందు గదికి మారిపోయాడు. ఎవరైనా అడిగితే, లోపల గూడ్సు బండి పోతోందనీ, తాను ప్లాట్‌ఫారం మీద పడుకుంటున్నాననీ చెప్పేవాడు. సమ్మమ్మా నవ్వేది. గురక పెట్టారంటే ఒళ్ళు మరిచి నిద్రపోతున్నారనే కదా అందరి లెక్క! అంతగా పడుకున్న మనిషి బియ్యం ఏరుతూ, సీరియల్ చూస్తూ పగలంతా ఎందుకు తూగుతుందో ఒక్కరూ ఆలోచించలేదు.

అయినా వాడలో ఆమెకు పేరు వచ్చింది గురకతో కాదు. ఎవరింట్లో కాన్పయినా పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి సమ్మమ్మే రావాలి. స్నానాల గదిలో పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె మర్దన చేసేది. చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి చేతికిచ్చేది. ఆ బిడ్డ ఇక మధ్యాహ్నం దాకా కళ్ళు తెరిస్తే ఒట్టు. దానికి ఆమె ఏనాడూ ఏమీ తీసుకోలేదు. తన కాళ్ళ మీద పెరిగిన పిల్లలు బడికి పోతూ కనిపిస్తే చాలు, ఆ పూట ఆమె కడుపు నిండినట్టే.

అలాంటి సమ్మమ్మ, పక్కింటి యమున కొడుక్కి నీళ్ళు పోస్తూ తూగింది. కళ్ళు మూతలు పడ్డాయి, చెంబు చేతిలోంచి జారింది, దాని వెనకే బిడ్డా కాళ్ళ మీది నుంచి బండల మీదికి జారాడు. దెబ్బ పెద్దది కాదు, నుదుటి మీద చిన్న బొప్పి. ఏడుపుకు ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి, బిడ్డను ఎత్తుకుని యమునా, గుమ్మంలో నిండు కడుపుతో తన కూతురు కావ్యా కనిపించారు. యమున పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి నీళ్ళు పోయడానికి అత్తను పిలిపించుకుంది, అంతే. తిట్టినా బాగుండేదని సమ్మమ్మ కుమిలిపోయింది.

కావ్య తొలి కాన్పుకని నర్సంపేట నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పిల్ల రెండు రోజులు తల్లి చుట్టూ తిరిగింది, ఏదో చెప్పబోయి మింగేసింది, చివరికి అనేసింది.

“అమ్మా, చెప్పాల్నంటే నాకే పానం గుంజుతాంది. నా బిడ్డకు మాత్రం నువ్వు నీళ్ళు పొయ్యొద్దు.”

ఊరందరి పిల్లలకూ పోసిన చేతులు సొంత మనవరాలికో మనవడికో పనికిరావట! సమ్మమ్మ వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు అన్నదాంట్లో తప్పు లేదని తెలుసు, అందుకే ఏడుపు ఇంకా ఎక్కువైంది. కళ్ళు తుడుచుకుని వచ్చి, తనను దవాఖానకు తీసుకుపొమ్మని తనే అడిగింది.

హన్మకొండ డాక్టరు ఒక రాత్రంతా ఒంటికి తీగలు అంటించి పరీక్ష చేయించాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోందనీ, ఆగినప్పుడల్లా మెదడు తట్టి లేపుతోందనీ, కాబట్టి ఈమె పడుకుంటోందే గానీ నిద్రపోవడం లేదనీ చెప్పాడు. ముక్కుకు తొడుగు పెట్టుకుంటే గొట్టంలోంచి మిషను గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుందట. కాన్పు నాటికి తూగు పోతుందా అని సమ్మమ్మ అడిగింది. పోవచ్చు, ఒక్క రాత్రి కూడా మానకుండా పెట్టుకుంటేనే అన్నాడాయన.

మిషను వచ్చింది. దాన్ని బిగించి చూపించడానికి ప్రేమలత అనే టెక్నీషియన్ వచ్చింది. పెట్టుకోవడం ఎంతసేపు, నిమిషం పని అంది. ఆ నిమిషం పని సమ్మమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. ముక్కులోకి గాలి తోసుకొస్తుంటే ఏం చేయాలో తెలియక నోరు తెరిచేది, తెరిస్తే ఆ గాలంతా నోట్లోంచి బయటికి తన్నేది. బతికుండగానే ముక్కులో పత్తి పెడుతున్నారని మొదటి రాత్రే పీకి అవతల పారేసింది. పొద్దున కావ్య కడుపు చూసి సిగ్గుపడి, రాత్రికి మళ్ళీ తగిలించుకుంది.

నాలుగు రోజులకు ముక్కు ఎండి జలుబు పట్టింది. జలుబుకు సమ్మమ్మకు తెలిసిన మందు ఒకటే, పసుపు వేసిన ఆవిరి. మిషను పక్కన నీళ్ళ డబ్బా ఉండనే ఉంది, అది గాలిని తడిపి పంపుతుందని ప్రేమలత చెప్పనే చెప్పింది. ఇంకేం! చెంచాడు పసుపు, వేలెడు జండుబామ్ అందులో వేసి హాయిగా పడుకుంది. కాసేపటికే కళ్ళు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఇల్లంతా లేచింది. తెల్లారి ప్రేమలత వచ్చి చూస్తే డబ్బా పచ్చగా పెళ్ళికూతురులా ఉంది. పాపం ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ డబ్బా పారేయించి కొత్తది పెట్టింది. అందులో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకూడదని సమ్మమ్మ చేత ఒట్టు వేయించుకుంది.

పోతూ పోతూ ఆమె తొడుగు అంచు చూసింది. ఒక పక్క నుంచి గాలి కారుతోంది, అక్కడే చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. కారణం సమ్మమ్మ ముక్కుపుడక. పెళ్ళిలో అమ్మ పెట్టిన రాళ్ళ పుడక, ఆనాటి నుంచి ముక్కు దిగలేదు. రాత్రిపూట తీసి పెట్టమంది ప్రేమలత. అది మాత్రం చెప్పకమ్మా అంది సమ్మమ్మ. మొగుడున్న మనిషి ముక్కు బోసిగా పెట్టుకుని పడుకుంటుందా? పోనీ చిన్నది మార్చుకోమన్నా వినలేదు, ససేమిరా అంది. ఆ సాయంత్రం సారంగపాణి దుకాణం నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. ఎప్పుడూ వేళాకోళం చేసే మనిషి, ఆ పూట నవ్వలేదు. ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“ముందు గదిలకు ఎందుకు పోయిన్నో తెలుసా? గురకకు కాదే. నడుమల అది ఆగుతది. మల్ల వస్తదో రాదో అని నా గుండె కూడా ఆగుతది. అది ఇనలేకనే అటు పోయిన. పుడక తియ్యి. నువ్వు ఊపిరి తీస్తుంటే నాకేం కాదు.”

ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది! చెప్పలేదు మగమహారాజు. సమ్మమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పుడక తిప్పి తీసి అతని అరచేతిలో పెట్టింది. రోజూ పొద్దున ముఖం కడిగాక మళ్ళీ పెట్టుకుంటానని షరతు మాత్రం పెట్టింది.

ఆ రాత్రి గాలి కారలేదు. ఆమె కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. తల బరువుగా లేదు, నోరు ఎండిపోలేదు. పక్కన చాప మీద సారంగపాణి పడుకుని ఉన్నాడు. రోజులు గడిచేకొద్దీ గాలి కూడా అలవాటైంది. బియ్యం ఏరడం ఒక్క విడతలో అయిపోయేది, సీరియల్లో ఎవరు ఎవరిని మోసం చేస్తున్నారో మొదటిసారి తెలిసి కోపం కూడా వచ్చింది. కావ్య ఇవన్నీ ఓరకంట చూస్తూనే ఉంది. అయినా నీళ్ళు పోయడానికి ఎవరో ఆయమ్మను మాట్లాడినట్టు ఫోనులో అనడం సమ్మమ్మ చెవిన పడింది. విననట్టే ఊరుకుంది.

నొప్పులు వచ్చి దవాఖానలో చేరాక కావ్యకు ఆడపిల్ల పుట్టింది. తోడుగా ఉండటానికి సమ్మమ్మ గాలి మిషను సంచీలో పెట్టుకుని మరీ వచ్చింది. ఆ వార్డు నిండా బాలింతలు, వాళ్ళ అత్తలు, అమ్మలు. కావ్య అత్తగారు కూడా నర్సంపేట నుంచి వచ్చి అక్కడే ఉంది. వియ్యపురాలి ముందు ఏనుగు తొండంలాంటి గొట్టం తగిలించుకోవడమేమిటని సారంగపాణి మొహమాటపడ్డాడు. ఈ ఒక్క రాత్రికి వదిలేయమని చెవిలో చెప్పాడు.

“రాత్రి వదిలేస్తే పొద్దున బిడ్డెను ఎట్ల ఎత్తుకుంటనయ్యా?” అంది సమ్మమ్మ, అందరికీ వినిపించేలాగే.

పుడక తీసి కొంగున ముడేసుకుంది. నర్సును అడిగి ప్లగ్గు పెట్టించుకుని, వార్డంతా వింతగా చూస్తుండగా తొడుగు బిగించుకుని, మంచం పక్కన పడుకుంది. వియ్యపురాలు బుగ్గలు నొక్కుకుంది. కావ్య మాత్రం మంచం మీది నుంచి తల్లినే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి, బొడ్డు ఊడాక, నీళ్ళు పోసే రోజు వచ్చింది. సమ్మమ్మ నీళ్ళు కాచి, నూనె వెచ్చబెట్టి, సాంబ్రాణికి నిప్పులు సిద్ధం చేసి పక్కకు తప్పుకుంది. ఆయమ్మ వస్తుందనుకుంది. వచ్చింది కావ్య, బిడ్డను ఎత్తుకుని.

“ఆయమ్మను వద్దన్న. నువ్వే పొయ్యి,” అంది. “గని నేను ఈడనే కూసుంట. నీ కండ్లే చూస్తుంట.”

“చూడు బిడ్డా, చూడాల్సిందే,” అంది సమ్మమ్మ.

పీట వేసుకుని కాళ్ళు చాపింది. బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుంది. కావ్య గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని, అన్నట్టే తల్లి కళ్ళలోకే చూస్తోంది. సమ్మమ్మ వీపుకు నూనె రాసింది, చేతులూ కాళ్ళూ సాగదీసింది. మనవరాలు తొలి చెంబుకు కెవ్వుమంది, రెండో చెంబుకు సర్దుకుంది. బిడ్డను వెల్లకిలా తిప్పి, ముక్కు నిలబెట్టి, చేతిని అడ్డం పెట్టి తల మీద నీళ్ళు పోస్తూ, చూశావా అన్నట్టు సమ్మమ్మ గుమ్మం వైపు తలెత్తింది.

కావ్య నిద్రపోతోంది. బిడ్డ పుట్టినప్పటి నుంచి కంటి మీద కునుకు లేని పిల్ల, గోడకు తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, ఒళ్ళు మరిచి పడుకుంది. తువ్వాలు తెచ్చిన సారంగపాణి, కాపలా ఉంటానన్న మనిషి ఇదేమిటని కూతురి భుజం మీద చెయ్యి వేయబోయాడు. సమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

“లేపకు. పండుకోనియ్యి,” అంది మెల్లగా. “నేను మేలుకోనే ఉన్న గద.”