స్పీకర్ లేనిది

బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పోసి వచ్చేలోపు దమయంతిని ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి ఆరుసార్లు పిలిచారు. భర్త కూర్మనాథం తువ్వాలు కోసం పిలిచాడు. అది అతని భుజం మీదే ఉంది. కొడుకు తరుణ్ ఛార్జర్ ఏదని పిలిచాడు. అత్త సూరమ్మకు ప్రత్యేకించి కావలసిందేమీ లేదు. కోడలు ఎక్కడుందో తెలుసుకుందామని పిలిచి, జవాబు ఏ వైపు నుంచి వచ్చిందో విని మళ్లీ కళ్లు మూసుకుంది. అందరికీ దమయంతి ఒకటే చెప్పింది: "ఆఁ, వత్తన్నాను." ఇరవై ఏళ్లుగా ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట అదే. నిద్రలో కూడా అంటుందని ఇంట్లోవాళ్లు చెప్పుకుని నవ్వుతారు. ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వేది. ఈ మధ్య నవ్వు రావడం మానేసింది. మనసు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గరుంటే పెరట్లోకి పోవాలనిపిస్తుంది, పెరట్లో కొబ్బరి మట్టలు ఏరుతుంటే వీధిలోకి పోవాలనిపిస్తుంది. తీరా వీధిలోకి అడుగు పెట్టేసరికి లోపల్నుంచి ఎవరో ఒకరు పిలుస్తారు.

ఈ అలజడికి ఒక చీటీ తోడైంది. కాశీబుగ్గలో ఆమె పనిచేసే జీడిపప్పు కార్ఖానాలో చేరి పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లకు ఈసారి యజమాని బహుమతి ఇచ్చాడు. పలాసలో ఆయన బావమరిది ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు ఉంది. ఆ చీటీ చూపించి, దాని మీద రాసిన లెక్కకు లోబడి ఏదైనా ఒక వస్తువు తెచ్చుకోవచ్చు. అందరూ మిక్సీలు, కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు అన్నారు. ఆడవాళ్లకు బహుమతి అంటే ఇంటికి ఇంకో పనిముట్టు అన్నమాట. కూర్మనాథం చీటీ చూడగానే తేల్చేశాడు. పాత మిక్సీ మోత పెడుతోంది కాబట్టి కొత్తది వస్తే తనకు పచ్చడి బాగా నలుగుతుందట. దమయంతి మాత్రం, పాటలు వినే చిన్న మిషను తెచ్చుకుంటానంది. ముగ్గురూ నవ్వారు.

"పాటలకి ఫోనున్నాది కదే" అన్నాడు కూర్మనాథం.

ఫోను ఉన్న మాట నిజమే, బటన్ల ఫోను. కానీ అది కార్ఖానా గేటు దగ్గర బుట్టలో వేసిపోవాలి. సూపర్‌వైజరును అడిగితే, ఫోను కాకపోతే తనకు అభ్యంతరం లేదని, చెయ్యి ఆగకుండా పప్పు ఏరితే చెవుల్లో ఏం పెట్టుకున్నా ఒకటేనని చెప్పాడు. అదీగాక ఫోను మోగుతుంది. ఆటోలో కూర్చుని ఒక పాట పెట్టుకుంటే సగంలో కూర్మనాథం గొంతు వచ్చి ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావంటుంది. దమయంతికి కావలసింది తనను ఎవరూ పిలవడానికి వీల్లేని వస్తువు. ఈ మాట ఇంట్లో అనడానికి ఆమెకు నోరు రాలేదు. పిలవడంలో తప్పేముందని అడిగితే ఏం చెప్పాలి? తప్పేమీ లేదు. ప్రతి పిలుపూ చిన్నదే, ప్రేమగా పిలిచేవి కూడా ఉంటాయి. అన్నీ కలిసి ఒక మనిషిని ఎంత నమిలేస్తాయో తెలియాలంటే రోజంతా ఆమె చెవులతో వినాలి.

పెళ్లయిన కొత్తలో ఆమెకు ఒక టేప్ రికార్డర్ ఉండేది. పుట్టిల్లు నందిగాం నుంచి వచ్చేటప్పుడు తండ్రి కొనిచ్చాడు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం పాట వింటూ పప్పు చెరుగుతుంటే, మామగారు మంచినీళ్ల కోసం రెండుసార్లు పిలిచింది ఆమెకు వినబడలేదు. ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. లేచి తనే ముంచుకు తాగి, నందిగాం కబురు పెట్టాడు. మర్నాడు తండ్రి బస్సు దిగి వచ్చాడు. భోజనం కూడా చెయ్యకుండా టేప్ రికార్డర్‌ను తువ్వాల్లో చుట్టుకున్నాడు. "పిలిత్తే పలకని పిల్లని పంపినానంటే నాకు తలవంపులమ్మా" అని చెప్పి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మామగారు పోయి తొమ్మిదేళ్లయింది, తండ్రి పోయి నాలుగేళ్లు. ఆ తువ్వాలు మూట మాత్రం ఇప్పటికీ ఆమె కళ్ల ముందు బస్సెక్కుతూనే ఉంటుంది. మామగారి మీద కోపం ఎప్పుడో చల్లారింది, తండ్రి మీద చల్లారలేదు.

అందుకే ఈసారి ఆమె పట్టు విడవలేదు. విడవకపోయేసరికి ఇంట్లోవాళ్లు ఇంకో దారి పట్టారు. వద్దనడం మానేసి, ఏది కొనాలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ కొట్టులో మూడు రకాలున్నాయని తరుణ్ కనుక్కున్నాడు: రాగిణి, ఓరిక్స్, టింకో. భావనపాడు నుంచి వచ్చిన కవళ్ల చేపలతో పులుసు పెట్టి ఆమె వడ్డిస్తుంటే, తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్న తరుణ్ ఎడంచేత్తో ఫోను జరుపుతూ ఓరిక్స్‌కు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో చదివాడు. దానికి టచ్ స్క్రీన్ ఉంది, బ్లూటూత్ ఉంది, వీడియోలు కూడా వస్తాయి. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు తను వాడుకోవచ్చు. కూర్మనాథానికి రాగిణి నచ్చింది. అందులో పెద్ద స్పీకరు, వెయ్యి భక్తి పాటలు, రేడియో. వరండాలో పెడితే వాళ్లమ్మ వింటుంది, తను వింటాడు, వచ్చిపోయేవాళ్లూ వింటారు. టింకో సంగతి దమయంతి అడిగితే కొడుకు నవ్వాడు. అదెవరూ కొనరట, దానికి స్పీకరు కూడా లేదట. ముల్లు తీసుకు తినమని కొడుక్కి చెప్తూ, భర్తకు మారు అన్నం వడ్డిస్తూ ఆమె ఆ చర్చంతా విన్నది. తన చెవుల గురించి ఇంతసేపు ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అయినా అందులో ఆమె లేదు.

సూరమ్మ ఒక్కతే అసలు సంగతి పట్టుకుంది. పడుకోబోయే ముందు కోడలితో కాళ్లు నొక్కించుకుంటూ, "సెవుల్లో పెట్టేసుకుంటే నేను పిలిత్తే నీకెలా ఇనబడతాది?" అంది. మళ్లీ తనే, "నాకు భక్తి పాటలేటొద్దే. నువ్వు పలికితే సాలు" అంది. ఆ మాటకు దమయంతికి కోపం రావాలి, రాలేదు. జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈ ముసలామె కూడా ఒకప్పుడు ఎవరికో పలికి పలికి ఇలా అయి ఉంటుంది. ఇప్పుడామె పిలిచే మనిషి, తను పలికే మనిషి. ఆ తర్వాత తను కూడా ఆ మంచం మీద పడుకుని తరుణ్ పెళ్లాన్ని పిలుస్తుందా? ఆ ఆలోచనకు ఆమె చేతులు ఆగిపోయాయి. నొక్కమని సూరమ్మ గుర్తుచేసింది.

శనివారం పని దిగాక అసిరమ్మతో కలిసి పలాసలో కొట్టుకు వెళ్లింది. అసిరమ్మది వాళ్ల వీధే, వయసులో పదేళ్లు పెద్ద. కార్ఖానాలో పక్క బల్ల. ఆమె కుక్కర్ కోసం వచ్చి, రెండు నిమిషాల్లో ఒకటి తీసుకుని స్టూలు మీద కూర్చుంది. కొట్టు చూసుకునే పైడిరాజు కూర్మనాథాన్ని బావా అని పిలుస్తాడు. అప్పటికే అతనికి ఇంటి నుంచి సమాచారం అందినట్టుంది. అడక్కుండానే రాగిణి తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఏదో స్తోత్రం కొట్టంతా దద్దరిల్లేలా మొదలైంది. వీధి చివరిదాకా వినబడుతుందని పైడిరాజు గర్వంగా చెప్పాడు. దమయంతికి ఆ డబ్బా అప్పుడే వాళ్ల వరండాలో ఉన్నట్టు కనబడింది. కూర్మనాథం సౌండు పెంచమంటాడు, సూరమ్మ తగ్గించమంటుంది, తరుణ్ చదువుకోవాలి ఆపమంటాడు. ముగ్గురూ దమయంతినే పిలుస్తారు. ఆమె పేరు మీద ఇంటికి ఇంకో చాకిరీ వస్తుంది. వద్దని చెయ్యి ఊపింది.

తర్వాత ఓరిక్స్ తీశాడు. చక్కగా మెరుస్తోంది. దమయంతి ముట్టుకుంది, అద్దం మీద బొమ్మ కదల్లేదు. మళ్లీ ముట్టుకుంది. పప్పు రకాలు ఏరే గ్రేడింగ్ బల్ల దగ్గరికి రాకముందు ఆమె ఎనిమిదేళ్లు జీడి పిక్కలు కోసింది. ఆ పెంకుల్లోని నూనెకు వేళ్ల కొసలు కాలి కాలి, తోలులా గట్టిపడిపోయాయి. రేషన్ డిపోలో మిషను కూడా ఆమె వేలిముద్ర పట్టదు. డీలరు మూడుసార్లు తుడుచుకోమని, చివరికి మీ ఆయన్ని పంపమంటాడు. పైడిరాజు కూడా దాదాపు అదే అన్నాడు. వేలు పట్టడం లేదు గనక బాబు చేత పెట్టించుకోమన్నాడు. పాట మార్చుకోవాలంటే కూడా ఇంట్లో ఒకరిని అడగాలి. ఆమె దాన్ని వెనక్కి నెట్టింది.

"ఆ మూడోది సూపించండి."

పైడిరాజు అయిష్టంగా టింకో పెట్టె విప్పాడు. అగ్గిపెట్టెంత ఉంది. పక్కన నాలుగు బటన్లు, వెనకాల జాకెట్టుకు తగిలించుకునే క్లిప్పు. బటన్ నొక్కితే టక్కుమని లోపలికి దిగి పైకి లేచింది. ఆమె వేలికి కూడా లొంగింది.

"దీనికి స్పీకరు నేదక్కా. అదే దీని లోటు" అన్నాడు.

"అయితే పక్కనున్నోళ్లకి ఇనబడదా?"

"ఎవులికీ ఇనబడదు. పెట్టుకున్నోళ్లకే."

ఆమె చీటీ తీసి బల్ల మీద పెట్టింది. పైడిరాజు దాన్ని తీసుకోలేదు. ఇంత విలువైన చీటీకి ఇది తీసుకెళ్తే కూర్మనాథం బావ తనను తిడతాడని, ఒక్క మాట కనుక్కుంటానని ఫోను తీశాడు. కొట్టులో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్లు ఇటే చూస్తున్నారు. దమయంతి ముఖం వేడెక్కింది. ఏళ్ల తరబడి రోజుకు ఎనిమిది గంటలు గుండ్లు, బద్దలు, నూక వేరుచేసిన కళ్లు ఆమెవి. ఒక్క చూపుతో పప్పు రకం చెప్పగలదని సూపర్‌వైజరే కొత్త పిల్లలకు ఆమెను చూపిస్తాడు. అగ్గిపెట్టెంత డబ్బాను ఏరుకోవడానికి మాత్రం మొగుడి మాట కావలసి వచ్చింది. ఆమె టింకో చేతిలోకి తీసుకుని, దాని తీగలకున్న రబ్బరు మొగ్గలు రెండూ చెవుల్లోకి దూర్చుకుంది. బొటనవేలు పక్కనున్న బటన్ మీద పెట్టింది.

పైడిరాజు ఫోనులో మాట్లాడాడు, తల ఊపాడు, ఫోను ఆమె ముందుకు చాపాడు. దమయంతి తన చెవుల వైపు వేలు చూపించి, అడ్డంగా తల ఊపి, చిన్నగా నవ్వింది. మొగ్గలు తియ్యమని అతను సైగ చేశాడు. ఆమె రోడ్డు వైపు తిరిగింది. ఇచ్ఛాపురం బస్సు వెళుతోంది. కిటికీలో ఒకావిడ పిల్లకు జడ అల్లుతోంది. అసిరమ్మ లేచి వచ్చి ఫోను అందుకుంది. "పాటింటన్నాది తమ్ముడూ. మద్దిలో ఎలా ఆపుతాది?" అని ఫోను కట్ చేసి పైడిరాజు చేతిలో పెట్టి, అదే చేత్తో చీటీ కూడా అతని ముందుకు తోసింది. బిల్లు రాయక అతనికి తప్పలేదు.

ఆటో కాశీబుగ్గ దాటి జీడితోటల్లోకి వచ్చేదాకా దమయంతి మొగ్గలు తియ్యలేదు. ఎండ వాలుతోంది, గాలిలో సముద్రం వాసన మొదలైంది. ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. కూర్మనాథం అన్నం దగ్గర అలుగుతాడు. సూరమ్మ పరీక్షించడానికి పదిసార్లు పిలుస్తుంది. తరుణ్ నక్షత్రాల లెక్క మళ్లీ చదువుతాడు. తువ్వాల్లో చుట్టుకుపోవడానికి ఈసారి ఎవరూ రారు. ఇన్ని నెలలుగా లోపల అటూ ఇటూ తిరుగుతున్నది ఇంకా తిరుగుతూనే ఉంది, కానీ దానికిప్పుడు కాస్త చోటు దొరికింది.

ఆటో ఎగిరిపడినప్పుడు ఒక మొగ్గ జారింది. అసిరమ్మ కుక్కర్ ఒళ్లో సర్దుకుంటూ, అంతలా మునిగిపోయావు, ఏం పాటే అని అడిగింది.

"ఇంకా ఆన్ సెయ్యనేదొదినా."

అసిరమ్మ ఆమె వైపు చూసింది, ఆమె చేతిలోని డబ్బా వైపు చూసింది.

"మరి ఫోన్లో కూర్మయ్య అంత గొంతేసుకుని పిలిసినాడు కదే?"

"ఇనబడింది" అంది దమయంతి.