శుక్రవారం ఎవరు పోవాలి

పై గది ఊడుస్తూ ఇల్యుమినాదా అవ్వ, అక్కడి మాటలో అందరికీ లోలా, బల్ల మీది కాగితాలు చూసింది. చదవకూడదని తెలుసు, తెలిసే చదివింది. వచ్చే శుక్రవారం అమిహాన్ చనిపోతుందట!

మరికినా ఊళ్లో ఆ వీధి వీధంతా రోజూ సాయంత్రం లోలా పూటకూళ్ల కొట్లో టీవీ ముందు చేరి ఏడ్చేది సీరియల్లో గుండెజబ్బున్న ఈ ఏడేళ్ల పిల్ల కోసమే. ఆ కథ రాసే మహానుభావుడు క్రిసాంతో ఆమె పై గదిలోనే అద్దెకుంటున్నాడు. ఆమె చేతి చేపల పులుసు తింటూనే ఇంత పనికి ఒడిగట్టాడా!

మధ్యాహ్నం అతను కిందికి దిగితే ఉప్పులేని జావ వచ్చింది.

"లోలా, పులుసేది?"

"రోగమున్నచోట పులుసేంట్రా? జావ తాగు."

"ఎవరికి రోగం?"

"అమిహాన్‌కి. నీకు తెలీదు కాబోలు, పాపం!"

మూడు రోజులు జావే. ఆదివారం చర్చి పూజలో ఫాదర్ రోగుల పేర్ల చీటీ తీశారు. "గుండెజబ్బుతో బాధపడుతున్న చిన్నారి అమిహాన్ కోసం..." ఆయన టీవీ చూసే మనిషి కాదు, రాసింది రాసినట్టు చదివేశారు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అని గుడి దద్దరిల్లింది. క్రిసాంతో మాత్రం నోరు మెదపలేదు. లోలా మోచేత్తో డొక్కలో ఒక్కటి పొడిచింది. అప్పుడన్నాడు, గట్టిగానే.

గుడి మెట్ల మీదే మొదలెట్టాడు. "ఎవరో ఒకరు పోవాల్సిందే లోలా! పైవాళ్ల ఆర్డరు. కాదంటే నా ఉద్యోగం పోతుంది."

"ఎవరో ఒకరేగా? నాయనమ్మను పంపించు."

"కొన్సోలానా! ఆ పిల్లకు అన్నం తినిపించి జడ వేసేది ఆవిడొక్కతే."

"అలాంటిదే పోవాలి."

లోలా మొహంలో నవ్వు పోయింది. "నా పిలార్ ఎనిమిదేళ్లకే పోయింది. నలభై ఏళ్లయింది. అప్పుడు కాళ్లావేళ్లా పడదామంటే, రాసేవాడెవడో ఎక్కడుంటాడో తెలీలేదు. ఇప్పుడు తెలుసు, నా మేడమీదే ఉన్నాడు. వదిలిపెడతాననుకున్నావా?"

క్రిసాంతో ఇంటికి రాగానే మేడెక్కి ఆ కాగితాలు ముందేసుకున్నాడు.

శుక్రవారం కొన్సోలా కన్నుమూసింది. అమిహాన్ ఆవిడ చేతిని తన నుదుటికి ఆనించుకుని ఆఖరి దీవెన తీసుకుంటుంటే కొట్లో ఒకటే ఏడుపు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది లోలానే. "ఆ మహాతల్లిని చంపడానికి చేతులెలా వచ్చాయిరా?" అని నలుగురితో పాటు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది కూడా. మర్నాడు మాత్రం చేప తలకాయతో సహా పులుసు అతని పళ్లెంలోకే వెళ్లింది.

మళ్లీ ఆదివారం ఫాదర్ చనిపోయినవారి పేర్లు చదివారు. పిలార్ పేరు ప్రతివారం వినేదే. దాని వెనకే ఈసారి "కొన్సోలా" అని వినబడింది.

క్రిసాంతోకు నవ్వు ఆగలేదు. "అసలు లేని మనిషి కదా లోలా! పిలార్ పక్కన ఆవిడ పేరెందుకు రాశావు?" అని చెవిలో గొణిగాడు.

లోలా కొంగు లేని మనిషి, గౌను చేతితోనే కళ్లు తుడుచుకుంది. "నలభై ఏళ్లుగా పిల్ల ఒక్కతే ఉందిరా అక్కడ. జడ వెయ్యడానికి ఎవరో ఒకరుండొద్దూ?"

క్రిసాంతో నవ్వు ఆగిపోయింది. ఈసారి ఎవరూ డొక్కలో పొడవకుండానే అందరికంటే ముందు అతనే ప్రార్థన అందుకున్నాడు.