ఏటి అడుగున నలభై ఏడో నంబరు

నేను ఒక ఊరి పటాన్ని. వెనక గుడ్డ అంటించిన దళసరి కాగితం మీద నల్ల సిరాతో గీసిన పటాన్ని. గోదావరి రెండు పాయల మధ్య ఉన్న చినపాయలంక మొత్తం నా ఒంటి మీద ఉంది. ఊరు గొప్పదా నేను గొప్పా అంటే ఊరే గొప్పదని ఒప్పుకుంటాను గాని, ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేలాలంటే మాత్రం అందరూ నా దగ్గరికి రావలసిందే. అందుచేత నాకు కొంచెం టెక్కు ఉంది. ఉన్నమాట దాచుకోవడం ఎందుకు?

నన్ను గీసినాయన పట్నంలో సర్వే ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఎవరో ఎండలో గొలుసులు లాగి కొలిచి తెచ్చిన అంకెలు చూసి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతున్నా పట్టించుకోకుండా గట్లు గీశాడు, పుంతదారులు గీశాడు, సర్వే రాళ్ళు పాతిన చోటల్లా చిన్న గుర్తులు పెట్టాడు. చివర్న కుంచెతో రెండు వైపులా లేత నీలం పూసి, గోదావరితో ఇక నీకిదే హద్దు అన్నట్టు గట్టిగా గీత గీశాడు. ఆయన జన్మలో చినపాయలంక చూడలేదు. ఆయన గీసిన గీతల కోసం మా ఊరివాళ్ళు తాతల నాటినుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు.

మొదట నేను కరణంగారింట్లో ఉన్నాను. దూలానికి వేలాడదీసిన గుడ్డసంచి నా ఇల్లు. కావలసినవాళ్ళు వస్తే కరణంగారు నన్ను అరుగు మీద పూర్తిగా పరిచేవారు. గిట్టనివాళ్ళు వస్తే సగమే విప్పి, "అబ్బే, సరిగ్గా అక్కడే చిరిగిందయ్యా" అనేవారు. నేనెక్కడా చిరగలేదు. తరవాత కరణాలు పోయారు, నేను మండలాఫీసు ఇనప బీరువాలోకి వచ్చాను. అక్కడ పురుగులు నా ఈశాన్యం మూల తినేశాయి. వాటికి వాస్తు పట్టింపు లేదు.

నేను బీరువాలో పడుకున్నంత కాలం గోదావరి పడుకోలేదు. వరద వచ్చినప్పుడల్లా లంక దక్షిణపు ఒడ్డుని కొంచెం కొంచెం కొరుక్కు తింది. అలా పోయిన భూముల్లో నలభై ఏడో నంబరు ఒకటి. అది గనిరాజుది. వాళ్ళ నాన్న అందులో పొగాకు వేసేవాడట, గనిరాజు అరటి వేశాడు. పెళ్ళయిన కొత్తలో ఒక వరదకి చేను, గెలలు, గట్టు అన్నీ కలిసి ఏట్లోకి వెళ్ళిపోయాయి.

అప్పటినుంచి గనిరాజుకి ఒక అలవాటు. పడవ మీద అవతలి ఒడ్డుకి వెళ్ళేటప్పుడల్లా నది మధ్యలో ఒకచోట ఆపి, "ఇది మా చేను" అంటాడు. పడవలో ఎవరున్నాసరే అంటాడు. "ఏం గనిరాజూ, చేపలకి కౌలుకిచ్చేసేవా ఏంటి?" అని ఊరంతా వేళాకోళం. నవ్వి ఊరుకుంటాడు. ఏరు ఎప్పుడో ఒకప్పుడు మనసు మార్చుకుంటుంది, మేట వేస్తుంది, నేల పైకి తేలుతుంది. తేలిన నాడు పటంలో ఎవరి నంబరు ఉంటే వాళ్ళదే ఆ మేట అని లంకలో అందరి నమ్మకం. ఆ నమ్మకంతోనే గనిరాజు అప్పుడప్పుడు ఆఫీసుకొచ్చి, బంట్రోతుని బతిమాలి నన్ను విప్పించుకుని, నలభై ఏడు మీద వేలు పెట్టి చూసుకుని వెళ్ళేవాడు. ఆ వేలికి తడి ఉండేది. నాకు చిరాకు వేసేది కాదు.

ఇంతలో పాత పటాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. ఆ పని నేర్పడానికి శిక్షణ పెట్టారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో గనిరాజు కూతురు సత్యవేణి ఉంది. అంతవరకూ ఊళ్ళో జాకెట్లు కుట్టేది. నడుం నొప్పి పుట్టి, కూర్చుని చేసేదే అయినా కాలితో తొక్కక్కర్లేని పని కావాలని వచ్చింది. ఏ ఊరి పటం కావాలో ఎంచుకోమంటే నన్ను అడిగి తీసుకుంది. నేర్పే ఆయన ఓబులేసు. అనంతపురం వైపు మనిషి. ఇంత నీళ్ళున్న జిల్లాకి రావడం ఇదే మొదలు.

నన్ను స్కానర్లో పెట్టారు. ఒళ్ళంతా ఒక వెలుగు పాకింది. మరుక్షణం తెర మీద నేనే ఉన్నాను, మరకలతో, ముడతలతో సహా. నా ముఖం నేను చూసుకోవడం అదే మొదటిసారి. ఇంత పాతబడ్డానా అని నొచ్చుకున్నాను.

సత్యవేణి చెయ్యి కుదురైనది. కాని మొదటిరోజు నా మడత గీతని పుంత అనుకుని, ఊరి మధ్య నించి తిన్నగా ఒక దారి గీసేసింది. పంచాయతీవాళ్ళు ఎన్ని ఎన్నికలకి మాట ఇచ్చినా వెయ్యలేని రోడ్డు అది. ఓబులేసు నవ్వి చెరిపించాడు.

తరవాత అసలు పని. పైనుంచి ఉపగ్రహం తీసిన నేటి ఫొటో మీద నన్ను సరిగ్గా కూర్చోబెట్టాలి. నా మీద ఒక గుర్తు, ఫొటోలో అదే గుర్తు, ఇలా కొన్ని జతలు చూపిస్తే మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. సత్యవేణి మొట్టమొదట రేవుని చూపించింది. లంకలో పుట్టినవాళ్ళకి అన్నిటికీ రేవే ఆనవాలు. చుట్టాలకి దారి చెప్పినా రేవు నించే చెబుతారు. తరవాత ఒడ్డు వంపులు చూపించింది. నా ఒడ్డుకీ ఫొటోలో ఒడ్డుకీ పొంతన లేకపోతే, వదులైన జాకెట్టుని లోపల కుట్టు వేసి బిగించినట్టు నన్ను లాగి, నొక్కి, అతికించేసింది. తెర మీద ఒడ్డు ఒడ్డుకి చక్కగా కలిసింది. ఆమె మురిసిపోయింది. నాకు మాత్రం ఊపిరాడలేదు.

ఓబులేసు వచ్చి చూశాడు. కాగితం మీద ఒక గట్టు కొలిచాడు, తెర మీద అదే గట్టు కొలిచాడు.

"ఏమ్మా సత్యవేణమ్మా, మీ వూరు బట్ట మాదిరి ఉతికితే కుంచించుకుపోయిందా? ఏ చేను చూసినా చిన్నదైపోయింది కదా! యాడ పెట్టినావు గుర్తులు?"

"రేవు దగ్గర పెట్టానండి. ఒడ్డునా పెట్టానండి."

"రేవు కదలకుండా ఉంటాదా మీ వూర్లో?"

సత్యవేణి నాలిక కరుచుకుంది. రేవు ఆమె చిన్నప్పటినుంచీ రెండుసార్లు వెనక్కి జరిగింది. ఏట్లో పోయిన భూమి నష్టాన్ని, తెలియకుండానే, ఆమె ఊరందరికీ తలా కొంచెం పంచేసింది.

"కదలనివి వెతుకుపో. రాళ్ళుంటాయి చూడు" అన్నాడు ఓబులేసు.

సత్యవేణి ఊరికి వెళ్ళి, తండ్రిని వెంటబెట్టుకుని సర్వే రాళ్ళు వెతికింది. ఒకటి చర్చి వెనక గడ్డిలో దొరికింది. ఒకటి కొబ్బరితోటలో ఉంది. ఇంకొకదానికి ఎవరిదో గేదె కట్టేసి ఉంది. దాన్ని విప్పనివ్వడానికి గేదె గలావిడ చాలా ప్రశ్నలు వేసింది. ప్రతి రాయి దగ్గరా ఫోను పెట్టి చోటు నమోదు చేసుకుని వచ్చి, ఆ రాళ్ళ మీద నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది. ఈసారి నాకు హాయిగా ఉంది. చర్చి చర్చి మీద, తోట తోట మీద పడ్డాయి. నా దక్షిణపు భాగం మాత్రం వెళ్ళి నది నీళ్ళ మీద పడింది. నలభై ఏడు పూర్తిగా నీళ్ళలో ఉంది.

ఆమె ఒక్కొక్క మూలా నొక్కుతూ చేలు గీయడం మొదలుపెట్టింది. పక్కపక్క చేలకి గట్టు ఒకటే గీత కావాలి. రెండుసార్లు గీస్తే మధ్యలో ఎవరికీ చెందని సన్నటి పీలిక మిగులుతుంది. అలాంటి పీలికల మీద మా ఊళ్ళో తలలు పగిలాయి. సత్యవేణి మాత్రం కుట్టు మీద కుట్టు పడ్డట్టు గీసుకుంటూ వచ్చి, నది ఒడ్డున ఆగింది.

"అక్కడికి కత్తిరించెయ్యమ్మా" అన్నాడు ఓబులేసు. "ఏట్లో చేలెందుకు? నీళ్ళల్ల ఏం పండిస్తారు?"

ఆమె మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది. నా గుండె జారిపోయింది. కాగితానికి గుండేమిటని అడగకండి. రేపటినుంచి అందరూ చూసేది ఆ తెర మీది పటాన్నే. అందులో నలభై ఏడు లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే.

"అందులో మాదుందండి" అంది సత్యవేణి. "ఇవ్వాళ నీళ్ళేనండి. రేపు మేట వేస్తే మా నాన్న ఏం చూపించుకోవాలండి? కత్తిరించడం నాకు చిటికెలో పనండి. గుడ్డయితే మళ్ళీ అతుకు వేసుకోవచ్చు. ఇది పోతే ఎవరు వేస్తారండి అతుకు?"

ఓబులేసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా వూరి పటంలో ఒక ఏరుండాది. ఇంత వెడల్పు, నీలం రంగు పూసి. నేను పుట్టినకాడినుంచి దాంట్లో నీళ్ళు పారింది చూడల్యా. పిల్లోళ్ళం క్రికెట్ ఆడుకుంటాంటిమి. అయినా దాన్ని పటంలోంచి ఎవురూ కొట్టేయల్యా. ఎప్పుడన్నా వస్తాదని పెట్టుకున్యారు." తెర మీది నీళ్ళవైపు వేలు చూపించాడు. "రాని ఏటిని మేం పెట్టుకుంటిమి. పోయిన చేనును నేనెట్ల తీసేమనేది? గీయి. చేలు ఒక పొరలో గీయి. ఏరు ఇంకో పొరలో గీయి. దేని పొర దానిదే. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటా."

అప్పుడు నాకు ఆ కంప్యూటర్ మీద మొదటిసారి గౌరవం కలిగింది. నేను ఒకే కాగితాన్ని. నా మీద ఒక చోట నేలో నీరో ఏదో ఒకటే ఉండగలదు. దానికి ఆ ఇరుకు లేదు. సత్యవేణి నలభై ఏడు నాలుగు మూలలూ నొక్కి, గీత కలిపి, నంబరు రాసింది. రాశాక చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను సంతోషించాను. ఇంత సూటిగా సంతోషించడం నా వయసులో అరుదు.

ఇక నన్ను చుట్టి శాశ్వతంగా దాచేస్తారని తెలుసు. నాకు బెంగ లేదు. పురుగులు తినలేని ఒళ్ళు ఒకటి నాకు అవతల తయారైంది. అయితే దాచేముందు ఒకసారి ఊరికి తీసుకెళ్ళి, కాగితాన్నీ ఫోన్‌లోకి ఎక్కించిన పటాన్నీ నేలతో సరిచూడాలన్నారు. అలా నేను మూత పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో ఉండి, బీరువాలో చేరాక మొదటిసారి గోదావరి ఎక్కాను. పడవ గనిరాజుదే. ఓబులేసుకి ఈత రాదు. నన్ను రెండు చేతులతో గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. నన్ను కాపాడుతున్నాడో నన్ను పట్టుకుని తను ధైర్యం తెచ్చుకుంటున్నాడో తెలియలేదు.

నది మధ్యకి రాగానే గనిరాజు పడవ ఆపాడు. "ఇదేనండి మా చేను. ఎవరూ చెప్పక్కర్లేదండి, నా ఒంటికి తెలిసిపోద్దండి."

సత్యవేణి ఫోను మీద టకటకా నొక్కడం వినబడింది. మళ్ళీ నొక్కింది.

"నాన్నా, ఇది మనది కాదు. నలభై నాలుగు. వీర్రాఘవులు బాబాయిగారిది."

"ఆయ్?" అన్నాడు గనిరాజు. "ఇన్నేళ్ళూ నేను ఆడి చేలో ఆగుతున్నానా? ఆడికి మాత్రం చెప్పకండి బాబూ, ఊళ్ళో ఉండనివ్వడు!"

ఓబులేసు భయం మరిచిపోయి నవ్వాడు. నేనూ గొట్టంలో నవ్వుకున్నాను.

"ఎగువకి పోనియ్యి" అంది సత్యవేణి. "ఇంకొంచెం. ఇంకొంచెం... గట్టు దాటాం నాన్నా. ఇదిగో, ఇప్పుడు వచ్చాం. ఇది మనది."

తెడ్డు చప్పుడు ఆగిపోయింది. గనిరాజు పడవ తోసే గెడకర్ర తీసినట్టున్నాడు. అది నీళ్ళలోకి దిగడం వినబడింది. ఎక్కువసేపు దిగలేదు.

"తగిలిందే" అన్నాడు. గనిరాజు గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. "ఇసకమ్మా. మొలలోతే ఉంది."

పడవ ఒక పక్కకి ఒరిగింది. ఓబులేసు నన్ను మరింత గట్టిగా పట్టుకున్నాడు. "నాన్నా!" అని అరిచింది సత్యవేణి. నీళ్ళు చెదిరాయి, పడవ తేలికైంది. తరవాత గనిరాజు మాట వినబడింది. ఈసారి అది పడవలోంచి రాలేదు.

"అమ్మాయ్, మన చేలో నిలబడ్డానే."