తీసిన సామాను

మొగిలయ్య కారు కుడి హెడ్‌లైటు అద్దం మీద అరచెయ్యి ఆనించి మనసులో ముప్పై దాకా లెక్కపెట్టాడు. అద్దం వెచ్చబడింది. ఎడమ పక్కకు జరిగి అక్కడ కూడా ముప్పై లెక్కపెట్టాడు. డిసెంబరు పొద్దుటి చలికి ఆ అద్దం ఎంత చల్లగా ఉందో అంత చల్లగానే ఉండిపోయింది.

వరండా మెట్లు కడుగుతున్న పనిమనిషి ఎల్లవ్వ చీపురు ఆపి చూస్తోంది.

"చెయ్యి పెట్టి చూస్తున్నవేంది మొగిలన్నా? జరమొచ్చిందా దానికి?"

అతను చెయ్యి మళ్లీ కుడి అద్దం మీదికి మార్చాడు.

"ఎడమది వెలుగుతలేదు. ఈ మెట్ల మీదికెళ్లి నాకే కనబడుతుంది."

"వెలుగుతలేదని తెలుసు. ఎందుకు వెలుగుతలేదో చూస్తున్న. నీ పని నువ్వు చూస్కో," అని మొగిలయ్య బానెట్ ఎత్తాడు.

నిన్న చీకటి పడుతుండగా నారాయణగూడ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు కారు ఆపాడు. వెనక సీట్లో ఇంద్రసేన గారు, ఆయన భార్య దమయంతి ఉన్నారు. పోలీసు కిటికీలోకి వంగి, "ఏం పెద్దమనిషీ, ఎడమ లైటు లేదు, తెల్వదా నీకు?" అన్నాడు. మొగిలయ్యకు నిజంగానే తెలియదు. దిగి ముందుకు వెళ్లి చూశాడు. వీధి దీపాలు, ఎదురొచ్చే బస్సులు, తన కారు అన్నీ కలిసిపోయి, గంజిలోంచి చూసినట్టు ఒకే తెల్లదనం కనబడింది. ఇప్పుడే పోయినట్టుందని చెప్పాడు. పోలీసు వదిలేశాడు. అశోక్‌నగర్ ఇంటికి చేరేదాకా మొగిలయ్య ముందున్న బస్సు దీపాల వెంటే నడిపాడు.

పొద్దున ఇంద్రసేన గారు పేపరు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి, ఎన్ని రోజులైందని అడిగారు. నిన్ననే పోయిందని మొగిలయ్య చెప్పాడు. ఆయన తల ఊపారు. సాయంత్రం ఆరింటికి ఉప్పల్‌లో ఒక నిశ్చితార్థానికి వెళ్లాలనీ, ఆ లోపల బాగుచేసి తీసిన సామాను తెచ్చి చూపెట్టమనీ చెప్పి లోపలికి వెళ్లారు.

ఆ చివరి మాట చెప్పనక్కర్లేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంట్లో మొగిలయ్య పద్ధతే అది. అరిగిన బ్రేకు ముక్క, తెగిన ఫ్యాను బెల్టు, మాడిన ఫ్యూజు, ఏది మార్చినా పాతదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి సారు ముందు విప్పేవాడు. బాగున్న సామాను అమ్ముకుని పాడైందని చెప్పే డ్రైవర్ల కథలు ఆ వీధిలో చాలా ఉన్నాయి. మొగిలయ్య మీద ఒక్కటీ లేదు. కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఇంద్రసేన గారు మొదట్లో ఆ ముక్కల్ని తిప్పి తిప్పి చూసేవారు. తర్వాత్తర్వాత చూడకుండానే "సరే, పారెయ్" అనడం మొదలుపెట్టారు. ఆయన అలా అన్న మొదటి రోజు మొగిలయ్య ఇంటికి వెళ్లి భార్య ముత్యాలుకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు.

కళ్లలో పొర వచ్చిందని రెండేళ్ల కిందట ఆ ముత్యాలే అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది. ఒక కన్నుకు ఆపరేషన్ చేస్తామన్నారు. తర్వాత నెల రోజులు బండి ముట్టవద్దన్నారు. నెల రోజులు ఇంకో డ్రైవరు ఆ సీట్లో కూర్చుంటే ఆ సీటు ఇక వాడిదే. అందుకని వానాకాలం పోనీ అన్నాడు, దసరా పోనీ అన్నాడు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా బర్కత్‌పుర దాకా ప్రతి గుంతా, ప్రతి మలుపూ అతని మోకాళ్లకు తెలుసు. చూపు లేని చోట ఆ తెలివితో నెట్టుకొస్తున్నాడు. ఇవాళ అతను నిలబెట్టుకోవలసింది ఒక్కటే మాట: లైటు నిన్ననే పోయింది. చాలా రోజుల కిందటే పోయిందని తేలితే, అన్ని రోజులూ అతను కనబడకుండానే బండి నడిపాడని తేలినట్టే.

పొట్టి మనిషి, యాభై ఆరేళ్లు. జనగామ దగ్గరి పల్లె నుంచి పద్నాలుగో ఏట లారీ క్లీనరుగా బయలుదేరాడు. ఆ లారీ డ్రైవరు దుర్గయ్య అతనికి అన్నం పెట్టాడు, తన్నాడు, కరెంటు పని నేర్పాడు. కరెంటు బ్యాటరీలోంచి పోవడానికి ఒక తొవ్వ ఉంటే చాలదు, తిరిగి రావడానికి కూడా తొవ్వ ఉండాలని, ఆ రెండో దాన్ని వెతకనివాడు మెకానిక్కే కాదని దుర్గయ్య చెప్పేవాడు. అప్పటి నుంచి లైటు పనికి మొగిలయ్య ఎవరి దగ్గరికీ వెళ్లలేదు.

ముందు రెండు బల్బులూ పీకి అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఎడమ బల్బు కుడి వైపున పెడితే అద్దం వెచ్చబడింది. కుడిది ఎడమకు పెడితే చల్లగానే ఉంది. అంటే బల్బులు బాగానే ఉన్నాయి. ఫ్యూజులూ అలాగే మార్చి చూశాడు. అవీ బాగున్నాయి. అప్పుడు టెస్టు బల్బు తీశాడు. ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు అతికించి తనే చేసుకున్నది. ఒక వైరు ఎడమ లైటు సాకెట్లో కరెంటు వచ్చే పిన్నుకు, రెండోది ఇంజను ఇనుముకు తగిలించి, బల్బును దోసిట్లో మూసి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. దోసిట్లో పసుపు చుక్క వెలిగింది. కరెంటు వస్తోంది. రెండో వైరును ఇనుము మీంచి తీసి అదే సాకెట్లోని నల్ల వైరుకు తగిలించాడు. చుక్క ఆరిపోయింది.

పోయే తొవ్వ ఉంది, వచ్చే తొవ్వ తెగింది. ఎర్త్ పోయింది. మొగిలయ్యకు ఒక్క క్షణం వయసూ, కళ్లూ, సారూ అన్నీ మరుపున పడ్డాయి. పక్కింటి పై అంతస్తు హాస్టలు బాల్కనీలో ఎవరో అమ్మాయి రాజ్యాంగంలోని అధికరణాలు బట్టీ పడుతోంది. ఆ లయలోనే అతను నల్ల వైరును వేళ్ల మధ్య పట్టుకుని వెనక్కి జరుపుకుంటూ పోయాడు. వైరు బ్యాటరీ పళ్లెం కిందికి దూరింది. అక్కడ బాడీకి బోల్టుతో బిగించి ఉండాలి.

బ్యాటరీ దించి చెయ్యి పెడితే, వేలికి సున్నం లాంటి పొడి తగిలింది. బోల్టు తిప్పగానే వైరు కొసన ఉన్న రాగి రింగు చేతిలోకి ఊడి వచ్చింది. దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. యాసిడు కారి కారి రింగు సగం పచ్చటి పిండి అయిపోయింది. వైరులోని పోగుల్ని కూడా ఒక్కొక్కటిగా తినేసింది. ఒక్క రోజులో అయ్యే పని కాదు అది. నెల పట్టి ఉంటుంది. కరెంటు సంగతి తెలియనివాళ్లకైనా అది తెలుస్తుంది.

అతను దాన్ని గుడ్డలో చుట్టుకుని కొత్త వైరు కోసం నడుచుకుంటూ చిక్కడపల్లి వెళ్లాడు.

ఆటో సామాన్ల కొట్టు ప్రహ్లాద్ ఆ రింగును బల్ల మీద పెట్టుకుని, పెదవి విరిచి, ఇది సారుకు చూపెడతావా అని అడిగాడు. చూపెట్టాలన్నాడు మొగిలయ్య. ప్రహ్లాద్ నవ్వలేదు. కింద చెత్త డబ్బాలో చెయ్యి పెట్టి జానెడు నల్ల వైరు ముక్క తీశాడు. కొస మీద పంటి గాట్లున్నాయి, రాగి పోగులు తళతళలాడుతున్నాయి.

"గీ వైరు నిన్ననే ఎవరి బండిలకెళ్లో తీసిన. ఎలుక కొరికింది. ఇది చూపెట్టన్న. ఎలుక రాత్రి వచ్చింది, లైటు రాత్రి పోయింది. కిస్సా ఖతం."

"నేను ఎప్పుడు గట్ల చెయ్యలే ప్రహ్లాద్."

"అందుకే నమ్ముతరు."

మొగిలయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కొట్టు ముందు నుంచి కూరగాయల బండి ఒకటి, శవయాత్ర ఒకటి వెళ్లాయి. తర్వాత రెండు ముక్కలూ తీసుకున్నాడు. ఎలుక కొరికిన వైరు గుడ్డలో, రింగు జేబులో.

పని మాత్రం ఎప్పటిలాగే చేశాడు. బోల్టు పట్టే చోట ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీశాడు. కొత్త వైరుకు కొత్త రింగు ప్లయరుతో నొక్కి, లాగి చూసి, మళ్లీ నొక్కాడు. బోల్టు బిగించి పైన గ్రీజు పూశాడు. ఈసారి యాసిడు కారినా తగలకుండా వైరును పళ్లెం పక్క నుంచి తిప్పి కట్టాడు. ఇంకో పదేళ్లు అటు చూడనక్కర్లేదు. స్విచ్చి వెయ్యగానే, గిన్నెలు పట్టుకుని ఎదురుగా వస్తున్న ఎల్లవ్వ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆర్పు, కండ్లు పోతయి," అంది.

నాలుగున్నరకు ఇంద్రసేన గారు టీ తాగుతూ వరండాలో కుర్చీలో కూర్చున్నారు. మొగిలయ్య మెట్టు కింద నిలబడి గుడ్డ విప్పాడు.

"ఎలుక కొరికింది సారూ."

సరే, పారెయ్ అంటారని చూశాడు. ఆయన వైరు ముక్కను తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని, రెండు కొసలూ చూశారు. చూసి పేపరు మీద పెట్టారు.

"ఏ వైరు ఇది? ఎర్తా?"

"అవును సారూ."

"ఎర్త్ పోతే ఏమైతది మొగిలయ్యా? కరెంటు తిరిగొచ్చే తొవ్వ లేక పక్క తొవ్వల పడుతది. లైటు పైకి కొట్టినప్పుడే వెలగాల్సిన నీలం దీపం, కిందికున్నప్పుడు గూడ మీటరు పక్కన సన్నగ వెలుగుతది. అవునా, కాదా?"

అవును. లారీలో ఉన్నప్పుడు ఆ నీలం చుక్క చూసే దుర్గయ్య ఎర్త్ పోయిందని చెప్పేవాడు. అది వెలిగేది స్టీరింగు ముందే, మొగిలయ్య గడ్డానికి మూరెడు దూరంలో.

"అవును సారూ."

"దీపావళి తెల్లారి సంది వెలుగుతుంది. వెనక కూర్చుని రోజూ చూస్తున్న. నువ్వెప్పుడు చెప్తవో చూద్దామని ఊకున్న."

"నెల రోజులు సారూ?"

"ముప్పై రెండు రోజులు."

ఆయన గొంతు పెంచలేదు. టీ చల్లారుతుందని ఒక గుక్క తాగారు కూడా. ఆ ముప్పై రెండు రోజుల్లో ఆ కారు వెనక సీట్లో దమయంతమ్మ కూర్చుంది. పుణె నుంచి కొడుకు అభిజిత్ వచ్చినప్పుడు అతని నాలుగేళ్ల కూతురు అనూహ్య ముందు సీట్లో నిలబడి విద్యానగర్ దాకా వచ్చింది. సారు అందరినీ ఎక్కించుకుని, వెనక కూర్చుని, చూస్తూ ఉన్నారు. ఆ మాట మొగిలయ్య నాలిక చివరిదాకా వచ్చింది. జేబులోంచి పచ్చటి పిండి రాలుతున్న రింగు తీసి వైరు ముక్క పక్కన పెట్టాడు.

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ముందే తెచ్చి ఉంటే పగటి పూటకన్నా ఉంచుకునేటోణ్ణి. కండ్లు పోతే పోయినయి. నోరు గూడ పోయింది గద."

మొగిలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు తనదేననీ, ఒక్క అబద్ధం వల్ల ఇరవై ఆరేళ్లు పోయాయనీ అనుకున్నాడు. ప్రహ్లాద్ కొట్టు ముందు ఇంకాసేపు నిలబడి ఉంటే బుద్ధి వచ్చేదేమోననుకున్నాడు. అలా అనుకోవడానికి అతనికి పది నిమిషాలు దొరికాయి.

ఐదింటికి గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. ముప్పై ఏళ్లు నిండని కుర్రవాడు, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. పేరు వెంకటేశ్ అనీ, ఇవాళ ఐదింటికి పనిలోకి రమ్మన్నారనీ చెప్పాడు. ఎప్పుడు చెప్పారని మొగిలయ్య అడిగాడు.

"సోమవారమే మాట్లాడిన్రన్నా. మీరు మానేస్తున్నరంట గద?"

ఇవాళ శనివారం. పోలీసు కారు ఆపింది నిన్న.

ఎల్లవ్వ అక్కడ లేని దుమ్మును ఊడవడం మొదలుపెట్టింది. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో మొగిలయ్య అడగలేదు. కుర్చీ వైపు చూశాడు. ఇంద్రసేన గారు రెండు ముక్కల కింది నుంచీ పేపరు లాక్కుని చదువుకుంటున్నారు.

"పొయ్యే ముందు ఆ ఎర్త్ యాడ బిగించినవో పిల్లగానికి చూపెట్టు," అన్నారు పేపరు దించకుండానే.

మొగిలయ్య చూపెట్టాడు. బోల్టు ఏ పానాకు వస్తుందో, గ్రీజు ఎందుకు పూశాడో కూడా చెప్పాడు. వెంకటేశ్ శ్రద్ధగా విని, స్విచ్చి వేసి, ముందుకు వచ్చి చూసి, "మస్తు కొడుతుందన్న లైటు. షోరూంల గూడ గిట్ల చెయ్యరు," అన్నాడు. అతను మర్యాద తెలిసినవాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

దమయంతి గుమ్మంలోకి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చెవి కమ్మల్లో ఒకటి పెట్టుకుని ఒకటి చేత్తో పట్టుకుని ఉంది. ఆమెకు గుండె నొప్పి వచ్చిన రోజు వానలో ఆస్పత్రికి తీసుకెళ్లింది మొగిలయ్యే. ఆమె అతని మొహంలోకి చూడలేదు.

"మొగిలయ్యా, ఇస్త్రీ చేసింది వెంకటేశ్ కిచ్చిన. ఒంటి మీదిది గూడ ఇడిచిపో. రెండే ఉన్నయి."

డ్రైవరు తెల్ల చొక్కాలు ఇంటివి. అతను మెట్ల కిందికి వెళ్లి, పొద్దున విప్పి పెట్టుకున్న తన గళ్ల చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు వెతుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది. కారు తాళం చెవి తీసి మెట్టు మీద పెట్టబోయి, వెంకటేశ్ చెయ్యి చాస్తే అతని చేతికే ఇచ్చాడు. ముత్యాలు ఏమంటుందో, ఏమీ అనకుండా కన్ను ఆపరేషన్‌కు ఎప్పుడు పోదామని అడుగుతుందో అనుకుంటూ గేటు దాటాడు. బయటి ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. ప్రహరీ గోడకు ఒక చెయ్యి తాకిస్తూ కవాడిగూడ వైపు నడిచి, మూల తిరిగాడు.

ఆరింటికి కారు ఉప్పల్ వెళ్లిపోయింది. నానబెట్టడానికని ఎల్లవ్వ మెట్ల కింద మేకుకున్న చొక్కా తీసి బల్బు కింద పట్టి చూసింది. కాలరు శుభ్రంగానే ఉంది, గుండీలన్నీ ఉన్నాయి. కుడి మోచేతి దగ్గర మాత్రం, కారు కిటికీ అంచు మీద ఆనీ ఆనీ, అవతలి గోడ కనబడేటంత పలచబడి ఉంది బట్ట.